ఏజెన్సీలో (గిరిజన ప్రాంతంలో) చేసిన సర్వీసు కాగితం మీద అటెండెంట్ అని పడ్డది, ఆ పాయింట్లు పోయినట్టేనా?

రేగొండ బిడ్డ:

అందరికీ నమస్తే. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుల గురించి తెలిసినవాళ్లు జర ఓపికతోని చదివి చెప్పుండ్రి.

ఇంటర్ బైపీసీ అయినంక హనుమకొండలో రెండేండ్ల డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసిన. పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉన్నది. 2018 ఆగస్టులో తాడ్వాయి దిక్కు అడవిలో ఒక పీహెచ్‌సీలో ఔట్‌సోర్సింగ్ మీద చేరిన. అప్పటికి అది భూపాలపల్లి జిల్లా. కాంట్రాక్టర్ మనిషి పొద్దుగాల ఫోన్ చేసి "రేపు పోయి జాయిన్ కా" అన్నడు. పోయిన, సంతకం పెట్టిన. ఆర్డర్ కాపీ అడగాలన్న సోయి అప్పుడు నాకు లేదు. 21 ఏండ్ల వయసు, కొలువు దొరికిందన్న సంతోషమే.

చేరిన రోజు నుంచి ల్యాబ్ మొత్తం నేనే. ముందున్నాయన పోయి నాలుగు నెలలైందట, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి ఉన్నది. వానకాలం అంతా మలేరియా స్లైడ్లు. ఏడాది పొడుగూత గర్భిణులకు హిమోగ్లోబిన్, షుగర్, టీబీ అనుమానం ఉన్నోళ్ల తెమడ పరీక్షలు. గూడేల నుంచి ఆశా అక్కలు స్లైడ్లను పాత మందుల డబ్బాలో పేర్చి, వాగు దాటేటప్పుడు తడవకుండా పాలిథిన్ కవర్ చుట్టి తెచ్చేది. పొద్దుమూకి ఆఖరు బస్సు పోయేలోపు చూసి చెప్పాలె. పాజిటివ్ ఉంటే ఆ అక్క చేతికే మందులు ఇచ్చి పంపేటోళ్లం.

2019 జూలైలో కాంట్రాక్టర్ మారిండు. మాకేం తేడా తెలియలేదు, జీతం ఇంకో పేరు మీద పడ్డది అంతే. 2021 జూన్ దాకా అక్కడే చేసి, జూలై నుంచి హనుమకొండలో ఒక ప్రభుత్వ ఆస్పత్రికి ఔట్‌సోర్సింగ్ మీదనే మారిన. 2023 ఫిబ్రవరిలో కాన్పు కోసం మానేసిన. పాపకు ఏడాది దాటినంక నక్కలగుట్టలో ఒక ప్రైవేట్ డయాగ్నోస్టిక్స్‌లో చేరిన, ఇప్పటికీ అక్కడనే.

2024 సెప్టెంబర్‌లో 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుల నోటిఫికేషన్ (పరీక్షకు 80 మార్కులు, సర్కారు సర్వీసుకు వెయిటేజీ కింద 20 పాయింట్ల దాకా) పడ్డప్పుడు అనుభవం సర్టిఫికెట్ కోసం తిరిగితే అప్పుడు తెలిసింది. మొదటి 11 నెలలు నన్ను రికార్డులో "ల్యాబ్ అటెండెంట్" అని చూపించిండ్రట. టెక్నీషియన్ అని ఉన్నది 2019 జూలై నుంచే. నాకు రెండేండ్లకే సర్టిఫికెట్ ఇచ్చిండ్రు. టైం లేదు, దానితోనే అప్లై చేసి నవంబర్ 10న పరీక్ష రాసిన. నాకు రాలేదు. ఆ 11 నెలల మాట గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సహించదు. ఆ గదిలో ఇంకో టెక్నీషియన్ ఎవరూ లేరు కదా, మరి ఆ స్లైడ్లు ఎవరు చూసినట్టు?

నా ప్రశ్నలు. ఆ 11 నెలలు ఇప్పుడైనా సరిచేయించుకోవచ్చా, ఎవరి దగ్గరికి పోవాలె? భూపాలపల్లికా, ములుగుకా? ప్రైవేట్‌లో చేస్తున్న ఈ సర్వీసు ఏమన్నా పనికొస్తదా? ఏటూరునాగారం దిక్కు ఒక ఔట్‌సోర్సింగ్ ఖాళీ ఉన్నదని తెలిసింది. ఏజెన్సీలో ఆరు నెలలకు రెండున్నర పాయింట్లు కాబట్టి పోయి చేరాల్నా? మా ఆయనకు పరకాలలో షాపు, పాపను మా అత్తమ్మ దగ్గర విడిచిపెట్టి పోవాలె. ఇంకోటి, మాది రేగొండ మండలం. మూడో తరగతి దాకా ఊర్లో చదివి, నాలుగు నుంచి పది దాకా హనుమకొండలో మా మేనత్త ఇంట్ల ఉండి చదివిన. నేను ఏ జోన్ లోకల్ అయిత?


కేయూ క్రాస్‌రోడ్:

అక్కా, ప్రైవేట్ అనుభవం కూడా పెట్టొచ్చు అనుకుంట. మా దోస్తు ఒకాయన కార్పొరేట్ హాస్పిటల్ లెటర్ అప్‌లోడ్ చేసిండు. జోన్ అంటే నీ సొంతూరు ఏదైతే అదే, కాళేశ్వరం జోన్ వస్తది. ఆల్ ది బెస్ట్.


స్లైడు పెట్టె:

తమ్ముడూ, కోపం చేసుకోకు, నువ్వు చెప్పిన రెండూ తప్పే. అప్‌లోడ్ చేస్తే సైట్ తీసుకుంటది, పాయింట్లు మాత్రం పడవు. రాష్ట్ర ప్రభుత్వ ఆస్పత్రులు, సంస్థలు, ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల్లో కాంట్రాక్ట్ మీదనో ఔట్‌సోర్సింగ్ మీదనో చేసిన సర్వీసుకే వెయిటేజీ. ప్రైవేట్‌లో ఇరవై ఏండ్లు చేసినా సున్నానే. ఆ అనుభవం చేతికి పని నేర్పుతది, పరీక్షలో అక్కరకొస్తది, పాయింట్ల పట్టికలో దానికి గడి లేదు.

చెల్లె, నీ పోస్టు రెండుసార్లు చదివిన. నేను కూడా మహదేవ్‌పూర్ దిక్కు అడవిలో ఔట్‌సోర్సింగ్ మీద చేసి వచ్చిన మనిషినే. ఆరేండ్లు చేసిన, తర్వాత మైదానంలో ఇంకో మూడేండ్లు. నా 20 పాయింట్లు నిండుగా ఉన్నయి. అయినా నాకూ రాలేదు, అది తర్వాత చెప్త.

ముందు నీ 11 నెలల సంగతి. నోటిఫికేషన్‌లో రూల్ ఏమంటే, ఏ పోస్టుకు అప్లై చేస్తున్నవో ఆ పోస్టులో చేసిన సర్వీసుకే వెయిటేజీ. అంటే అటెండెంట్‌గా చేసిన కాలం టెక్నీషియన్ పోస్టుకు లెక్కలోకి రాదు. నువ్వు చేసిన పని టెక్నీషియన్‌దే అని ఆ ఊరు ఊరంతా చెప్పినా, ఆఫీసు చూసేది ఆర్డర్‌లో ఏం రాసి ఉన్నదో. కాబట్టి నువ్వు నిరూపించాల్సింది "నేను టెక్నీషియన్ పని చేసిన" అన్నది ఒక్కటే కాదు, "నన్ను తీసుకున్నదే టెక్నీషియన్‌గా, బిల్లులో తప్పు రాసిండ్రు" అన్నది. రెండింటికీ చాలా తేడా ఉన్నది. మొదటి దానికి ఆధారాలు సులువుగా దొరుకుతయి. రెండో దానికి ఒక్క కాగితం దొరికినా నీ అదృష్టం.

ఏ కాగితాలు వెతకాలె అంటే, మొట్టమొదట ప్రొసీడింగ్స్. ఆ పీహెచ్‌సీకి ఔట్‌సోర్సింగ్ మీద మనిషిని తీసుకోవాలని జిల్లా వైద్యాధికారి ఆఫీసు నుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉంటది. అందులో ఖాళీ ఏ పోస్టుదో ఉంటది. ఖాళీ టెక్నీషియన్‌ది అయి, కాంట్రాక్టర్ బిల్లులో అటెండెంట్ అని ఉంటే నీకు బలం ఉన్నట్టు. రెండోది నువ్వు చేరిననాడు ఇచ్చిన జాయినింగ్ రిపోర్టు. సంతకం పెట్టిన అన్నవు కదా, దేని మీద పెట్టినవో యాదికి తెచ్చుకో. మూడోది హాజరు పట్టిక, అందులో పేరు పక్కన హోదా రాస్తరు. పీఎఫ్ పాస్‌బుక్ మీద ఆశ పెట్టుకోకు. చేరిన నెల, కాంట్రాక్టర్ పేరు, ప్రతి నెల జమ అయిన డబ్బులు అందులో దొరుకుతయి గానీ నువ్వు ఏ పీహెచ్‌సీలో ఏ పోస్టులో ఉన్నవో అది చెప్పదు. అయినా ప్రింట్ తీసి పెట్టుకో, తేదీలకు అక్కరకొస్తది.

భూపాలపల్లా ములుగా అన్నవు. రెండూ. ములుగు జిల్లా అయింది 2019 ఫిబ్రవరి 17న. నువ్వు చేరింది అంతకు ఆరు నెలల ముందు. ఇప్పుడు మీ పీహెచ్‌సీ ములుగు కింద ఉన్నది కాబట్టి సర్టిఫికెట్ అడగాల్సింది అక్కడనే. కానీ నీ మొదటి కాగితం పుట్టింది భూపాలపల్లిలో. జిల్లాలు విడిపోయినప్పుడు అన్ని ఫైళ్లు బండెక్కి రాలేదు. నా విషయంలో ఇట్లనే అయింది. ఒక ఆఫీసులో అడిగితే ఆ ఆఫీసుకు పో అన్నరు, అక్కడికి పోతే మళ్ల ఇక్కడికి పంపిండ్రు. నాలుగోసారి పోయిననాడు ఒక పెద్దమనిషి, రిటైర్‌మెంటుకు దగ్గర పడ్డ అటెండర్, "రా బిడ్డ, చూద్దాం" అని స్టోర్ గది తాళం తీసిండు. కిటికీ పక్కన వాన జల్లు కొట్టి కింది వరుస ఫైళ్లు ఉబ్బి ఒకదానికి ఒకటి అంటుకొని ఉన్నయి. ఎర్ర గుడ్డ మూటలు ఒక్కొక్కటి విప్పుకుంట పోయినం. పొద్దున పదకొండుకు కూసుంటే మూడింటికి దొరికింది. పేజీ అంచులు చెదలు తిన్నయి, నా పేరు, తేదీ, పోస్టు ఉన్న గీత మాత్రం మిగిలి ఉన్నది. ఆ పెద్దాయన టీ కూడా తాగలేదు నాతోని. ఆయన లేకపోతే నా మూడేండ్లు చెదలకు పోయేటియి.

అట్లాంటి మనిషి దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. "నా సర్వీసు వివరాలు ఇయ్యండి" అని రాస్తే "రికార్డు పరిశీలిస్తున్నం" అని ఒక గీత వస్తది. ఫలానా పీహెచ్‌సీలో 2018 ఆగస్టు నుంచి 2019 జూన్ దాకా ల్యాబ్ టెక్నీషియన్ ఖాళీకి మనిషిని తీసుకున్న ఉత్తర్వు నకలు, ఆ నెలల హాజరు పట్టిక నకళ్లు, కాంట్రాక్టర్‌కు చెల్లించిన బిల్లుల నకళ్లు అని విడివిడిగా రాయి. నకలు అని అడిగితే నకలే ఇయ్యాలె.

ఇంకో ఆధారం ఉన్నది, చాలామందికి తోచదు. మలేరియా స్లైడ్ రిజిస్టర్. స్లైడ్ నంబర్, రోగి పేరు, ఊరు, రక్తం తీసిన తేదీ, చూసిన తేదీ, ఫలితం, చివర చూసినవాళ్ల సంతకం. టీబీ ల్యాబ్ రిజిస్టర్ కూడా అంతే. నువ్వు అన్నవు కదా ఆ గదిలో ఇంకెవరూ లేరని. ఆ 11 నెలల పేజీలన్నింటి మీద నీ సంతకమే ఉంటది. నాలుగైదు పేజీలు జిరాక్స్ తీసి మెడికల్ ఆఫీసర్‌తోని ధ్రువీకరణ చేయించి దరఖాస్తుకు జత చెయ్యి. అదొక్కటే నీ పోస్టును మార్చదు, నేను ఊరికే ఆశ పెట్టను. కానీ జాయినింగ్ రిపోర్టు దొరికితే దానికి ఇది ఊతం.

సర్టిఫికెట్ వచ్చినప్పుడు సంతకం, స్టాంపు చూసి సంబురపడి రాకు. అక్కడనే నిలబడి చదువు. పోస్టు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కాంట్రాక్టా ఔట్‌సోర్సింగా, పనిచేసిన చోటు గిరిజన ప్రాంతమా కాదా, ఈ నాలుగూ స్పష్టంగా ఉండాలె. మా దగ్గర ఒకామెకు నాలుగేండ్ల ఏజెన్సీ సర్వీసు ఉన్నా గిరిజన ప్రాంతం అన్న మాట పడలేదు. మళ్ల రాయించుకునేసరికి ఆమెకు 12 రోజులు పట్టింది.

ఇంకో మాట. నీ దగ్గరికి ఎవరన్నా వచ్చి "అంత తిరుగుడెందుకు, ఇంత ఇస్తే మొత్తం టెక్నీషియన్ అని రాయించి తెస్త" అంటరు. వస్తరు, నా దగ్గరికి వచ్చిండ్రు. ఆ దారి తొక్కకు. వెరిఫికేషన్‌లో బయటపడితే కొలువు పోవుడు ఒక్కటే కాదు, కేసు మెడకు చుట్టుకుంటది. నువ్వు నిజంగా చేసిన నాలుగున్నరేండ్ల పని మీద కూడా అనుమానం పడ్తది.

ఇగ నా సంగతి. 20కి 20 ఉన్నయి అని ధైర్యంగ కూసున్న. పరీక్షలో 80కి 41 వచ్చినయి. రోజూ చేసే పని కదా, నాకు తెలవనిది ఏముంటది అనుకున్న. తెమడ స్లైడు చూసి చెప్పుడు నాకు కండ్లు మూసుకొని వస్తది. కానీ వాళ్లు అడిగింది ఎంజైములు, ప్రమాణాలు, బయోకెమిస్ట్రీలో ఏ పద్ధతికి ఏ తరంగదైర్ఘ్యం అని. పేపర్ అంతా ఇంగ్లిష్‌లో. చదువు విడిచి ఇరవై ఏండ్లు దాటింది. నాకు ఇప్పుడు 49. పోయిన నోటిఫికేషన్‌లో వయోపరిమితి 46, బీసీలకు అయిదేండ్లు సడలింపు. ఆ లెక్కన నాకు 51 దాకా ఉన్నది, మహా అయితే ఇంకొక్క నోటిఫికేషన్. అందుకే నీకు ఇంత రాస్తున్న. కాగితాల వెంట పడు, కానీ వారానికి ఒక్కరోజు మాత్రమే పడు. మిగతా ఆరు రోజులు పుస్తకం పట్టు.


గోదారి ఒడ్డు నర్సు:

స్లైడు పెట్టె అన్న చెప్పింది అక్షరం అక్షరం నిజం. నేను స్టాఫ్ నర్సుని. 2023 ఆగస్టు 2న మా పరీక్ష అయింది, మాకూ 80, 20 లెక్కనే. ఏటూరునాగారం దిక్కు నాలుగేండ్లు కాంట్రాక్ట్ మీద చేసి ఉన్న, ఎనిమిది ఆరునెలలు, 20 పాయింట్లు. 2024 జనవరి 31న ఎల్‌బీ స్టేడియంలో ఆర్డర్ తీసుకున్న వేలమందిలో నేనొకదాన్ని. నా పక్క కుర్చీలో కూసున్న పిల్ల బీఎస్సీ నర్సింగ్ అయిపోయి ఏడాది కూడా కాలేదు, ఒక్క పాయింట్ వెయిటేజీ లేదు. పరీక్ష మార్కులతోనే వచ్చింది. ఆ పిల్లను చూసినంక నాకు అర్థమైంది, నేను ఎంత అంచు మీద నిలబడి వచ్చిన్నో.

చెల్లే, నువ్వు ఏజెన్సీకి పోవాల్నా అన్నవు కదా. భావాలు పక్కన పెట్టి లెక్క చూద్దాం.

ఇప్పుడు నీ చేతిలో సర్టిఫికెట్ ఉన్న ఏజెన్సీ సర్వీసు రెండేండ్లు. నాలుగు ఆరునెలలు, ఒక్కోదానికి రెండున్నర, మొత్తం 10. హనుమకొండలో 2021 జూలై నుంచి 2023 ఫిబ్రవరి దాకా 20 నెలలు. నిండిన ఆరునెలలు మూడే, ఒక్కోదానికి 2, మొత్తం 6. మిగిలిన రెండు నెలలకు ఏమీ రాదు, నిండిన ఆరు నెలలకే పాయింట్లు. అంటే నీకు 16 ఉన్నయి. గరిష్ఠం 20. నీకు కావాల్సింది ఇంకా నాలుగే.

ఏటూరునాగారం పోయి ఏడాది చేస్తే 5 వస్తయి, అందులో 4 లెక్కలోకి వస్తయి, ఒకటి వృథా. ఇక్కడనే వరంగల్‌లోనో హనుమకొండలోనో ప్రభుత్వ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ దొరికి ఏడాది చేసినా ఆ నాలుగు వస్తయి. నీ లెక్కకు అడవిలో చేసినా ఇంటి పక్కన చేసినా ఒక్కటే! కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఏజెన్సీతోని లాభం, అయిదేండ్ల పని నాలుగేండ్లలో తీరుతది. నీకు ఆ లాభం లేదు. పాపను విడిచి పోవాల్సిన అక్కర లేదు.

ఒకవేళ నీ 11 నెలలు సరి అయితే ఏజెన్సీలో మొత్తం 35 నెలలు, అయిదు ఆరునెలలు, 12.5 అయితయి. అప్పుడు నీకు 18.5 ఉంటయి, ఇక్కడ ఆరు నెలలు చేస్తే 20 నిండుతది. అంటే నువ్వు ఏండ్ల తరబడి బాధపడుతున్న ఆ 11 నెలల విలువ రెండున్నర పాయింట్లు. తక్కువ అనను, మా దగ్గర అరమార్కుతోని పోయినోళ్లు ఉన్నరు. కానీ పరీక్షలో మూడు ప్రశ్నలు ఎక్కువ రాస్తే అవి తిరిగొస్తయి.

ఇంకో చిక్కు చూడు. పోయినసారి నోటిఫికేషన్ తేదీ దాకా చేసిన సర్వీసునే లెక్క పెట్టిండ్రు. నువ్వు ఇయ్యాల్ల చేరి, అయిదో నెలలో నోటిఫికేషన్ పడితే ఆ అయిదు నెలలకు సున్నా. కాబట్టి కొలువు మారేది పాయింట్ల కోసం ఒక్కటే అయితే మారకు. టైం చిక్కే కొలువైతే మారు. మీ ప్రైవేట్ ల్యాబ్‌లో ఎన్ని గంటలు చేస్తవు? పొద్దున ఏడు నుంచి రాత్రి దాకా నిలబెడితే చదువు ఎట్లా సాగుతది? నేను నైట్ డ్యూటీలు అడిగి తీసుకొని, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయి చదివిన. ఇంట్ల వాళ్లు వంట పని చూసుకున్నరు. మీ అత్తమ్మతోని కూసోని మాట్లాడు, సిగ్గుపడకు.

రెగ్యులర్ చేస్తరేమో అని కూడా కూసోవద్దు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి తాత్కాలికంగా చేరినోళ్లకు రెగ్యులర్ కావుడు హక్కు కాదు. అందులోనూ నీది ఔట్‌సోర్సింగ్, సర్కారుకూ నీకూ నడుమ కాంట్రాక్టర్ ఉన్నడు. మనకున్న దారి పరీక్షే.


బడిపంతులు:

అమ్మా, జోన్ విషయం ఒక్కటి చెబుతాను. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సొంతూరు, కాపురం ఉన్న ఊరు, పనిచేసిన ఊరు ఇవేవీ చూడరు. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. మీరు ఒకటి నుంచి మూడు రేగొండ మండలంలో, అంటే మూడేళ్లు. భూపాలపల్లి, ములుగు, మంచిర్యాల, పెద్దపల్లి, ఆసిఫాబాద్ జిల్లాలు కాళేశ్వరం జోన్. నాలుగు, అయిదు, ఆరు, ఏడు హనుమకొండలో, అంటే నాలుగేళ్లు. హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం, కొత్తగూడెం జిల్లాలు భద్రాద్రి జోన్. మీరు భద్రాద్రి జోన్ స్థానికులు. 95 శాతం పోస్టులు స్థానికులకే కాబట్టి ఇక్కడ తప్పు పెడితే మిగతావన్నీ సరిగ్గా ఉన్నా ఫలితం ఉండదు.

రెండు బళ్ల నుంచి ఏ తరగతి ఏ విద్యాసంవత్సరమో విడివిడిగా రాసిన బోనఫైడ్ తీసుకోండి. ఇంటిపేరు, తండ్రి పేరు పదో తరగతి మెమోలో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. మా బడికి ఏటా నోటిఫికేషన్ పడ్డ వారంలో యాభై అరవై మంది వస్తారు, పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేయడానికి మాకు రోజులు పడతాయి. నోటిఫికేషన్ లేనప్పుడు వస్తే కూర్చోబెట్టి అప్పటికప్పుడు రాసిస్తాం. మీ పాత బడిలో జిల్లా పేరు వరంగల్ అనో వరంగల్ అర్బన్ అనో ఉన్నా కంగారు పడకండి, హనుమకొండ జిల్లా అన్న పేరు 2021లో వచ్చింది.


రేగొండ బిడ్డ:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలె కదా.

పోయినసారి నేను అప్లికేషన్‌లో కాళేశ్వరం జోన్ అని పెట్టిన. సార్ రాసింది చదివినంక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు బోనఫైడ్లు తెచ్చుకున్న. మా ఊరి బడిలో అయితే అడ్మిషన్ రిజిస్టర్‌లో మా నాయన వేలిముద్ర ఉన్నది. ఆయన పోయి ఆరేండ్లయింది. సార్‌ను అడిగి ఆ పేజీ ఫొటో తీసుకున్న.

భూపాలపల్లికి రెండుసార్లు పోయిన. ఉత్తర్వు ఇంకా దొరకలేదు, ఆర్టీఐ పెట్టి వచ్చిన, స్లైడు పెట్టె అన్న చెప్పినట్టు విడివిడిగా మూడు నకళ్లు అడిగిన. తర్వాత మా పాత పీహెచ్‌సీకి పోయిన. అక్కడి ఫార్మసిస్టు నన్ను గుర్తుపట్టి బీరువా తీసి చూపించిండు. నా జాయినింగ్ రిపోర్టు ఉన్నది! నా చేతిరాతనే, "ల్యాబ్ టెక్నీషియన్‌గా ఈ రోజు ఉదయం విధుల్లో చేరుతున్నాను" అని. కింద అప్పటి మెడికల్ ఆఫీసర్ సంతకం, రబ్బరు ముద్ర. దాన్ని పట్టుకొని కొంచెం సేపు అక్కడనే బల్ల మీద కూసున్న. స్లైడ్ రిజిస్టర్‌వి ఆరు పేజీలు కూడా జిరాక్స్ తీయించిన. 2018 సెప్టెంబర్‌లో ఒక్క రోజు 54 స్లైడ్లు, 54 సంతకాలు. అన్నీ కలిపి ములుగులో దరఖాస్తు ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకున్న. ఏం చేస్తరో చూడాలె.

ఏటూరునాగారం ఆలోచన మానుకున్న. ల్యాబ్‌లో మాట్లాడి పొద్దున షిఫ్టు ఒక్కటే తీసుకున్న, జీతం కొంచెం తగ్గింది. మా అత్తమ్మనే అన్నది, "రెండింటి నుంచి పాపను నేను చూస్త, నువ్వు తలుపేసుకొని చదువుకో" అని.

స్లైడు పెట్టె అన్నా, మీకు బయోకెమిస్ట్రీ కష్టమైందని రాసిండ్రు. నా డీఎంఎల్‌టీ నోట్సు, ల్యాబ్‌లో ఎనలైజర్ మీద చేస్తున్న పరీక్షలకు నేను రాసుకున్న పట్టికలు ఒక కాపీ తీసి పెట్టిన. ఆదివారాలు హనుమకొండ లైబ్రరీకి వస్తున్న. మీకు కుదిరితే కలిసి చదువుదాం. మీ దగ్గర తెమడ స్లైడ్ల గురించి నేను నేర్చుకునేది ఉన్నది.


స్లైడు పెట్టె:

వస్త చెల్లె. పదింటికి ఉంట. హెమటాలజీవి పాత ప్రశ్నలు నా దగ్గర ఉన్నయి, తెస్త. ఆ జాయినింగ్ రిపోర్టు కాపీలు ఇంకో మూడు తీయించి వేరే వేరే చోట పెట్టు.